పాప బాక్స్‌లోంచి ఇంటికొచ్చింది, రొమ్ము పట్టడం లేదు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది తణుకు దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. నాకు 24 ఏళ్లు, ఇది తొలి కాన్పు. బీపీ బాగా పెరిగిపోవడంతో 32 వారాలకే ఆపరేషన్ చేసి పాపను తీశారు. పుట్టినప్పుడు 1,480 గ్రాములు. 28 రోజులు బాక్స్‌లో ఉంచారు. నన్ను ఐదో రోజు ఇంటికి పంపేశారు, రోజు విడిచి రోజు వెళ్లి చూసి వచ్చేదాన్ని. రోజుకు మూడుసార్లు పాలు పిండేదాన్ని. ఇప్పుడూ అంతే, మూడుసార్లకీ కలిపి 150 మిల్లీలీటర్లు వస్తున్నాయి. పాప ఇంటికొచ్చి 6 రోజులైంది. డిశ్చార్జి రోజు బరువు 1,860. ఉగ్గుగిన్నెతో పూటకి 40 మిల్లీలీటర్ల చొప్పున రోజుకి 8 సార్లు పడుతున్నాం, సగం నా పాలు, సగం డబ్బాపాలు. రొమ్ముకి పెడితే ఐదారు సార్లు చీకి ఆగిపోతుంది, నిద్రపోతుంది. లేదంటే వెనక్కి విరుచుకుని ఏడుస్తుంది. మా అత్తయ్య 'నీకు పాలు పడలేదు, పిల్లకి నోరు రాలేదు, సీసా కొనేద్దాం' అంటున్నారు. పక్కింటి వాళ్లూ అదే మాట. రాత్రుళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. బీపీ మాత్రలు వాడుతున్నాను, అవి పాలల్లోకి వెళ్తాయేమోనని భయం. నా పాప ఎప్పటికైనా నా దగ్గర పాలు తాగుతుందా?

జవాబు: తాగుతుందనే నా నమ్మకం, తల్లీ. ఆ నమ్మకానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ముందు ఒక లెక్క చేద్దాం. పాప పుట్టి ఇవాళ్టికి 34 రోజులు. 32 వారాలకి 34 రోజులు కలిపితే 36 వారాల 6 రోజులు. డాక్టర్లు మీకు మొదట ఇచ్చిన తేదీకి ఇంకా మూడు వారాల పైనే ఉంది. అంటే ఈ పాప ఇవాళ మీ కడుపులో ఉండాల్సిన పాప. నెలలు నిండి పుట్టిన పక్కింటి బాబుతో పోల్చి 'నోరు రాలేదు' అంటే ఎలా? చీకడం, మింగడం, ఊపిరి తీసుకోవడం, ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి కుదరాలి. 32, 34 వారాల మధ్య ఆ కుదురు మొదలవుతుంది. చాలామంది పిల్లల్లో అది స్థిరపడేది నెలలు నిండే దగ్గరే. గోడ మీద క్యాలెండర్‌లో మీ డ్యూ డేట్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. ఆ తేదీ వచ్చేదాకా పాప ప్రయత్నాలన్నీ సాధన కిందే లెక్క.

ఐదారు సార్లు చీకి ఆగిపోతుందని రాశారు. అది మానేయడం కాదు, ఊపిరి తీసుకోవడానికి ఆగడం. నెల తక్కువ పిల్లలు నాలుగు గుక్కలు తాగి, వాళ్లు తాగినంత సేపు ఆగుతారు. ఆ విరామంలో తల్లులు కంగారుపడి బుగ్గ తట్టడం, చనుమొన నోట్లో అటూ ఇటూ కదపడం, అరికాలు గిల్లడం చేస్తుంటారు. 28 ఏళ్లు నవజాత శిశువుల వార్డులో నర్సుగా పనిచేశాను. నేను ఎక్కువసార్లు చెప్పిన మాట 'కదపకమ్మా, ఆగు' అన్నదే. మనసులో పది లెక్కపెట్టండి. మళ్లీ తనే మొదలుపెడుతుంది. పది దాటినా మొదలుపెట్టకపోతే రొమ్మును అరచేత్తో మెల్లగా ఒత్తి పట్టుకోండి, నాలుగు చుక్కలు నోట్లో పడగానే చాలామంది పిల్లలు తిరిగి అందుకుంటారు.

ఇక పాల సంగతి. మూడుసార్లు పిండితే 150 వస్తున్నాయంటే, ఒక్కోసారికి 50. పాలు పడని తల్లికి ఇన్ని రావు. మూడుసార్లు అడిగారు, ఒళ్లు మూడుసార్లకి సరిపడా ఇచ్చింది. రొమ్ము నిండిపోయి అలాగే ఉంటే, ఇక చాలు కాబోలని ఒళ్లు పాల తయారీ తగ్గించుకుంటుంది. ఖాళీ అయిన కొద్దీ కొత్తవి చేస్తుంది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు రోజుకి 8 సార్లు పిండమని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. నాకు దాని మీద బాధ ఉంది, ఎందుకో కింద రాస్తాను. ఇవాళ్టి నుంచి 24 గంటల్లో 8 సార్లు చేయండి. గడియారం ప్రకారం సమానంగా రానక్కర్లేదు. పగలు రెండు గంటలకోసారి, సాయంత్రం మూడు గంటలకోసారి అయినా సరే. కానీ అర్ధరాత్రికీ తెల్లవారుజాము ఐదింటికీ మధ్య ఒక్కసారైనా తప్పక పిండాలి. పాలు తయారు చేయించే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. రెండు మూడు రోజుల్లోనే తేడా కనిపించకపోతే దిగులు పడొద్దు. వారం, పది రోజులు పట్టొచ్చు.

చేత్తో పిండే పద్ధతి వివరంగా రాస్తాను, సగం మంది ఇక్కడే తప్పు చేస్తారు. ముందు చేతులు కడుక్కోండి. గోరువెచ్చటి గుడ్డ రొమ్ము మీద రెండు నిమిషాలు వేసుకోండి. తర్వాత వేళ్ల కొసలతో చుట్టూ గుండ్రంగా రాయండి. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం అంచు దగ్గర పెట్టండి. చనుమొనను ముట్టుకోవద్దు, లాగొద్దు. రెండు వేళ్లనీ ముందు ఛాతీ ఎముకల వైపు నొక్కండి, తర్వాత ఒకదానికొకటి దగ్గరగా తెచ్చి ఒత్తి వదలండి. నొక్కు, ఒత్తు, వదులు. వేళ్లు చర్మం మీద జారుతున్నాయంటే పద్ధతి తప్పిందని అర్థం. మొదటి నిమిషం చుక్క కూడా రాకపోవచ్చు. మీ ఇంట్లో గేదె ఉండే ఉంటుంది. దూడ వచ్చి నాలుగుసార్లు పొదుగు కుమ్మకుండా గేదె చేపుతుందా? మనకీ అంతే, చేపు రావాలి. అది వచ్చాక చుక్కలు సన్నటి ధారలవుతాయి. ధార తగ్గగానే వేళ్లను గడియారం ముల్లులా కాస్త తిప్పి ఇంకో చోట పెట్టండి. ఒక వైపు ఐదు నిమిషాలు, రెండో వైపు ఐదు, మళ్లీ మొదటి వైపు. మొత్తం 20, 30 నిమిషాలు.

చేపు రావడానికి అన్నిటికన్నా మంచి మందు పాపే. ఆస్పత్రిలో కంగారూ పద్ధతి అని చూపించే ఉంటారు. ఇంట్లో మానేశారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. పాపకి డైపర్, టోపీ, సాక్సులు తప్ప ఇంకేమీ వేయకుండా, మీ జాకెట్టు విప్పి రెండు రొమ్ముల మధ్య నిలువుగా, కప్పలాగా కాళ్లు మడిచి పడుకోబెట్టుకోండి. తల ఒక పక్కకి తిరిగి, ముక్కుకి గాలి ఆడుతూ ఉండాలి. పాత నూలు చీర చుట్టూ కట్టి, పైన నైటీ వేసుకుంటే చాలు. 1978లో కొలంబియా దేశంలోని బొగొటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2021లో ఐదు దేశాల అధ్యయనం ఒకటి వచ్చింది, మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి కూడా అందులో ఉంది. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలను పుట్టిన వెంటనే తల్లి ఛాతీకి హత్తిస్తే మరణాలు నాలుగోవంతు తగ్గాయని తేలింది. రోజుకి 8 గంటల నుంచి 24 గంటల దాకా చేయమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఎనిమిది గంటలు కూర్చోవడం మీ వల్ల కాకపోతే మీ ఆయన, మీ అత్తయ్య కూడా చేయొచ్చు. మీ అత్తయ్యగారికి ఒక మధ్యాహ్నం పాపను అలా ఇచ్చి చూడండి. సీసా మాట ఆవిడే మరిచిపోతారు, ఇది నేను చాలా ఇళ్లల్లో చూశాను. ఎవరు చేసినా నిద్ర ముంచుకొస్తుంటే మాత్రం పాపను ఇంకొకరికి అందించేయాలి.

రొమ్ముకి ఎప్పుడు పెట్టాలి? ఏడిచినప్పుడు కాదు. ఏడుపు ఆఖరి కబురు. నాలుక బయట పెట్టడం, చెయ్యి నోటికి తెచ్చుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం, ఇవి తొలి కబుర్లు. గుండెల మీద ఉంటే ఇవన్నీ మీకు వెంటనే తెలుస్తాయి. అప్పుడు మెల్లగా కిందికి దించి రొమ్ము దగ్గరికి తేవాలి. మొదటి నాలుగైదు రోజులు సగం పిండేసి, మెత్తబడిన రొమ్ముకి పెట్టండి. నిండుగా ఉంటే ధార జోరుగా వచ్చి, మింగలేక విరుచుకుంటుంది. వెనక్కి విరుచుకుని ఏడుస్తుందన్నారు కదా, కారణం అదే అయి ఉండొచ్చు. పట్టుకునే తీరు కూడా మార్చండి. ఎడమ రొమ్ముకి పెట్టేటప్పుడు పాపను కుడి చేతి మీద పడుకోబెట్టి, మెడ, భుజాలు అరచేత్తో పట్టుకోండి. తల వెనక ఒత్తొద్దు, ఒత్తితే ఎదురు తిరుగుతుంది. పాప పొట్ట మీ పొట్టకి ఆనాలి. చనుమొనతో పై పెదవిని తాకండి, ఆవులించినట్టు నోరు పెద్దగా తెరిచిన క్షణంలో పాపను మీ మీదికి తెచ్చుకోండి. మీరు పాప మీదికి వంగకండి, కుట్లు కూడా లాగుతాయి. సరిగ్గా పడితే గడ్డం రొమ్ముకి ఆని ఉంటుంది, కింది పెదవి బయటికి మడత పడుతుంది, మీకు నొప్పి ఉండదు, గుటక చప్పుడు వినిపిస్తుంది. ఎంత చేసినా చనుమొన జారిపోతుంటే, రొమ్ము మీద పెట్టుకునే పల్చటి సిలికాన్ తొడుగు కొందరు నెల తక్కువ పిల్లలకి సాయపడుతుంది. అది సరైన సైజు చూసి ఇచ్చేవాళ్లు ఉంటేనే వాడండి.

పగటి పూట ప్రతిసారీ ముందు 15, 20 నిమిషాలు రొమ్ము, తర్వాత ఉగ్గుగిన్నె, తర్వాత పిండుకోవడం. మొత్తం గంట దాటనివ్వకండి, అలసిపోతే తాగిన పాలు ఆ శ్రమకే ఖర్చయిపోతాయి. రాత్రి నేరుగా ఉగ్గుగిన్నెతో పట్టేయండి, అది మీ ఆయన చేస్తారు, మీరు పిండుకుని పడుకోండి. ఉగ్గుగిన్నె పట్టేటప్పుడు పాపను ఒళ్లో సగం కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె ముక్కును పాప కింది పెదవి మూలకి ఆనించి, పాలు పెదవికి తగిలేలా వంచి ఆగండి. తనే నాలుకతో అందుకోవాలి. గొంతులో పోయకూడదు. సీసా కొనొద్దనే నా మాట. సీసాలో ధార దానంతటదే వస్తుంది. ఆ సుఖానికి అలవాటుపడ్డ నెల తక్కువ పిల్లలను మళ్లీ రొమ్ముకి తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఉగ్గుగిన్నె మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే, కడిగి నీళ్లలో పది నిమిషాలు మరిగిస్తే శుభ్రమవుతుంది.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. రొమ్ము పడుతోందన్న సంతోషంలో ఉగ్గుగిన్నె పాలు ఒక్కసారిగా ఆపేయొద్దు. మీ పాలు పెరిగిన కొద్దీ ముందు తగ్గించాల్సింది డబ్బాపాలు. ఆ తర్వాతే పిండిన పాలు. అదీ పిల్లల డాక్టర్ బరువు చూసి చెప్పాక. వారానికి ఒకసారి ఒకే తూకం యంత్రం మీద, బట్టలు లేకుండా తూయించండి. రోజుకి 20, 30 గ్రాముల చొప్పున పెరుగుతుంటే దారి సరైనదే. రోజుకి ఆరుకి తగ్గకుండా డైపర్లు తడవాలి. తగ్గించాక బరువు పెరగడం ఆగితే మళ్లీ పెంచండి. డబ్బాపాలు కలుపుతున్నన్నాళ్లు డబ్బా మీద రాసిన కొలతే కలపండి, పొదుపు కోసం నీళ్లు ఎక్కువ పోయకండి. ఈ ఆరు రోజులు డబ్బాపాలు పట్టానని మీరు తప్పు చేసినట్టు అనుకోకండి, పాపకి అప్పుడు అవి కావాలి. డాక్టర్ రాసిన ఐరన్, విటమిన్ డి చుక్కలు మానొద్దు.

బీపీ మాత్రలు అసలు ఆపకండి. బాలింతలకి మామూలుగా రాసే లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటివి పాలిస్తూ వాడుకోవచ్చు. మీ చీటీ ఒకసారి డాక్టర్‌కి చూపించి 'పాలిస్తున్నాను' అని చెప్పండి. పాల కోసం మాత్రలు మందుల షాపులో అడిగి వేసుకోవడం మాత్రం వద్దు.

పాప లేపినా లేవకపోయినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, అరికాళ్ల దాకా పచ్చబడినా, వరసగా రెండుసార్లు పాలు వద్దన్నా, ఇవేవీ ఇంట్లో చూసుకునేవి కావు. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

నా బాధ సంగతి రాస్తానన్నాను. 1991లో నా పెద్దబ్బాయి ఎనిమిదో నెలలో పుట్టాడు. ఒక పట్టణంలోని ఆస్పత్రిలో వాణ్ని బాక్స్‌లో పెట్టి, నన్ను వేరే వార్డులో ఉంచారు. మూడో రోజు రొమ్ములు రాళ్లయిపోతే గుడ్డ బిగించి కట్టారు. ఇంటికొచ్చాక మా అమ్మ మల్లెపాదు దగ్గర కూర్చోబెట్టి పిండించేది, ఆ పాలు పాదులోనే పోశాం. అవి నా బిడ్డవని, గిన్నెలో పట్టి తీసుకెళ్లొచ్చని ఒక్కరూ అనలేదు. మూడు వారాల తర్వాత బాబుని చేతికిచ్చేసరికి చుక్క లేదు. నర్సునయ్యాక బాక్స్ పక్కన నిలబడ్డ ప్రతి తల్లినీ 'పిండావా, ఎన్నిసార్లు?' అని అడగడం అందుకే అలవాటైంది. మీ దగ్గర 150 మిల్లీలీటర్లు ఉన్నాయి తల్లీ. మీ ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకి ఈ పేజీ చూపించండి, తూకానికి ఆవిడ సాయం తీసుకోండి. డ్యూ డేట్ దాటిన వారం నాకు బరువు రాయండి.

ప్రశ్న: నా కోడలికి 34 వారాలకి కవల మగపిల్లలు పుట్టారు. 15 రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చారు. బాలింతకి మంచినీళ్లు ఎక్కువిస్తే పాలు పల్చబడి పిల్లలకి జలుబు చేస్తుందని మా ఊళ్లో పత్యం. పాలు పెరగడానికి తెలగపిండి, వెల్లుల్లి కారం పెడుతున్నాను. ఇంకేం పెట్టాలి? పిల్లలకి తేనె నాకించొచ్చా? (అమలాపురం నుంచి ఒక నాయనమ్మ)

జవాబు: అక్కయ్యగారూ, తెలగపిండి, మునగాకు, వెల్లుల్లి, మెంతులు, అన్నీ పెట్టండి, కోడలు ఇష్టంగా తింటే. అవి మంచి తిండి, ఒంటికి బలం. కానీ వాటి వల్లే పాలు పొంగిపొర్లవు, పిల్లలు చీకడం వల్లా, పిండడం వల్లా పెరుగుతాయి. మీరు వంటింట్లో గంట నిలబడి చేసే కూర కన్నా, ఆ గంట ఒక మనవణ్ని గుండెల మీద వేసుకుని, రెండోవాడికి కోడలు పాలిచ్చే వీలు కల్పిస్తే ఎక్కువ మేలు. నీళ్ల పత్యం మాత్రం ఇవాళే ఎత్తేయండి. నీళ్లు తాగితే పాలు పల్చబడవు, జలుబూ చేయదు. దాహమైనప్పుడల్లా తాగనివ్వండి, పాలిచ్చే చోట పక్కనే చెంబు పెట్టండి. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, ఆకుకూర, రోజుకి ఒక పూట అదనంగా. తేనె ఏడాది నిండేదాకా వద్దు, బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావొచ్చు. ఆముదం, గ్రైప్ వాటర్ కూడా వద్దు.

ప్రశ్న: మా బాబు హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి బాక్స్‌లో ఉన్నాడు. నా భార్య సూర్యాపేటలో ఉంది, ఆపరేషన్ వల్ల రోజూ రాలేదు. పిండిన పాలు బస్సులో తీసుకెళ్తే పాడవుతాయా? వేరే తల్లి పాలు కొని పట్టొచ్చా? (ఒక నాన్న)

జవాబు: తీసుకెళ్లు బాబూ, తప్పకుండా తీసుకెళ్లు. మూతలున్న చిన్న స్టీలు డబ్బాలు మరిగించి ఆరబెట్టు. ఒక్కోసారి పిండినవి ఒక్కో డబ్బాలో పోసి, తేదీ, టైమ్ రాసి అంటించు. బయట ఉంచితే నాలుగు గంటలు, అదీ గది చల్లగా ఉంటేనే, మన ఎండాకాలంలో అంతసేపు ఉంచొద్దు. పిండగానే ఫ్రిజ్‌లో లోపలి వైపు పెట్టండి, తలుపులో కాదు. అలా ఉంచినవి 24 గంటల్లోపు బాబు ఉన్న యూనిట్‌లో ఇచ్చేయి. బస్సులో ఐస్ ప్యాకులు సర్దిన థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుంటే ఆ దూరానికి ఇబ్బంది లేదు. దిగగానే నేరుగా నర్సు చేతికివ్వు. పైన మీగడలా తేలితే పాడైనట్టు కాదు, మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. వేడి చేయాలంటే వేడినీళ్ల గిన్నెలో డబ్బా ఉంచడమే, పొయ్యి మీదా వద్దు, మైక్రోవేవ్‌లోనూ వద్దు.

వేరే తల్లి పాలు కొనొద్దు. తల్లిపాలతో వ్యాపారం చేయకూడదని ఆహార భద్రతా సంస్థ 2024 మే నెలలో స్పష్టంగా చెప్పింది. నిజంగా కొరత ఉంటే తల్లిపాల బ్యాంకు గురించి డాక్టర్‌ని అడుగు. ముంబై సయాన్ ఆస్పత్రిలో 1989లో మొదలైన ఈ ఏర్పాటు ఇప్పుడు హైదరాబాద్ నీలోఫర్‌లోనూ ఉంది. దాతలకు పరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి ఇస్తారు. నీ భార్య పాలు ఎంత తక్కువున్నా ముందు అవే. ఐదు మిల్లీలీటర్లే వచ్చాయని ఆమె పారబోయకుండా చూడు. అంత చిన్న బాబుకి అది ఒక పూట పాలు కావొచ్చు. కుట్లు మానగానే ఆమెను తీసుకెళ్లి, బాబుని ఛాతీ మీద పెట్టుకోనివ్వమని యూనిట్‌లో అడుగు. వాళ్లు మరిచిపోయినా నువ్వు మరిచిపోకు.